యూకేలో ఎంఎస్సీకి వెళ్తున్నారా? ఐఈఎల్‌టీఎస్ అయ్యాక నేర్చుకోవాల్సిన ఇంగ్లీష్ ఇంకోటి ఉంది

ఐఈఎల్‌టీఎస్‌లో 6.5 వచ్చిన రోజు మా ఇంట్లో అందరూ ఇంగ్లీష్ గొడవ ఇక వదిలిపోయిందనే అనుకున్నారు, నేనూ అదే అనుకున్నాను. స్కోరు ఏప్రిల్‌లో వచ్చింది, క్లాసులు సెప్టెంబర్ చివర్లో. మధ్యలో నెలలన్నీ ఎడ్యుకేషన్ లోను, క్యాస్ లెటర్ (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ పత్రం), టీబీ టెస్టు, వీసా, టికెట్లు, పచ్చళ్ల ప్యాకింగ్, వీటికే సరిపోయాయి. ఇంగ్లీష్‌లో ఒక్క పేజీ కూడా శ్రద్ధగా చదవలేదు, రాయలేదు. నవంబర్‌లో మొదటి అసైన్‌మెంట్ మార్కులొచ్చాయి. 100కి 48. అక్కడ ఎంఎస్సీకి పాస్ మార్కు 50. కింద లెక్చరర్ రాసిన కామెంట్‌లో గ్రామర్ గురించి ఒక్క మాట లేదు. ఇందులో చాలామంది చెప్పింది ఉంది, మరి నువ్వేం చెప్తున్నావు అని మాత్రం అడిగారు.

నేను పదో తరగతి వరకు తెలుగు మీడియం, ఖమ్మం దగ్గర పల్లెటూరు. అందుకే నాకు ఇలా జరిగిందని కొన్నాళ్లు బాధపడ్డాను. తర్వాత చూస్తే చిన్నప్పటి నుంచి కార్పొరేట్ స్కూల్లో ఇంగ్లీష్ మీడియం చదివిన మా ఫ్లాట్‌మేట్‌కి కూడా దాదాపు అదే కామెంట్ వచ్చింది. అంటే సమస్య మీడియంది కాదు. ఇంటర్‌లో, ఎంసెట్ కోచింగ్‌లో మనం ఏళ్ల తరబడి చేసింది నాలుగు ఆప్షన్లలో ఒకటి పెట్టడం, బీటెక్‌లో చేసింది పరీక్ష ముందు రాత్రి ఆల్ ఇన్ వన్ చదివి, ఉన్నదున్నట్టు పేపర్ మీద పెట్టడం. చదివిన విషయాన్ని సొంత మాటల్లో చెప్పి, దాని మీద మన అభిప్రాయం కారణాలతో సహా రాయమని ఎవరూ అడగలేదు. అక్కడ యూనివర్సిటీలో అడిగేది సరిగ్గా అదే. దాన్ని ఇంగ్లీష్‌లో చేయాలి కాబట్టి అది ఇంగ్లీష్ సమస్యలా కనిపిస్తుంది.

ఐఈఎల్‌టీఎస్ దీన్ని పరీక్షించదు. రైటింగ్ రెండో టాస్క్‌లో ఏదో ఒక టాపిక్ ఇచ్చి, ఏమీ చదవకుండానే, 40 నిమిషాల్లో కనీసం 250 పదాలు రాయమంటారు. ఎంఎస్సీలో ఒక మాడ్యూల్‌కి, అంటే ఒక సబ్జెక్టుకి, 3,000 పదాల వ్యాసం అంటే వారాల తరబడి పాతిక రీసెర్చ్ పేపర్లు చదివి, ఎవరు ఏమన్నారో చూపించి, ఎవరి మాట ఎందుకు బలంగా ఉందో తేల్చాలి. ఒక దానికి బాగా తయారైనంత మాత్రాన రెండోది వచ్చేయదు. యూకేలో టాట్ మాస్టర్స్ (క్లాసులతో నడిచే మాస్టర్స్) మామూలుగా ఒక్క ఏడాదే కాబట్టి, రెండో సెమిస్టర్‌లో చూసుకుందాం అనుకునే టైమ్ కూడా ఉండదు. సెప్టెంబర్‌లో దిగితే జనవరికల్లా మొదటి సెమిస్టర్ మార్కులు దాదాపు తేలిపోతాయి. అందుకే ఈ కింది పనులు వీలైతే ఇక్కడుండగానే, వీసా కోసం ఎదురుచూసే నెలల్లోనే మొదలుపెట్టండి.

వారానికి ఒక్క పేపర్, కానీ ఇలా

మీ కోర్సు వెబ్‌పేజీలో మాడ్యూల్స్ పేర్లు ఉంటాయి, చాలా యూనివర్సిటీలు రీడింగ్ లిస్టులు కూడా బయటికే పెడతాయి. అందులోంచి వారానికి ఒక జర్నల్ పేపర్ తీసుకోండి, ఫ్రీగా డౌన్‌లోడ్ అయ్యేది ఏదైనా పర్వాలేదు. మొదటి లైన్ నుంచి డిక్షనరీ పట్టుకుని చదవొద్దు, మూడో పేజీకి నీరసం వచ్చేస్తుంది. ముందు అబ్‌స్ట్రాక్ట్ (మొదట్లో ఉండే చిన్న సారాంశం) చదవండి, తర్వాత ఇంట్రడక్షన్‌లో చివరి పేరా (రచయితలు తామేం చేయబోతున్నారో చాలాసార్లు అక్కడే చెప్తారు), ఆ తర్వాత కన్‌క్లూజన్. ఇప్పుడు హెడ్డింగులు చూసుకుంటూ మధ్యలోకి వెళ్లండి. మీకు కావాల్సింది మూడు ప్రశ్నలకి జవాబు: వీళ్లు ఏం అడుగుతున్నారు, ఏం తేల్చారు, దేన్ని బట్టి తేల్చారు.

ఇక అసలు పని. పేపర్ మూసేయండి. మూసేసి, అందులో ఏముందో రెండు నిమిషాలు తెలుగులో చెప్పండి. అవును, తెలుగులోనే. తమ్ముడికి చెప్పండి, ఎవరూ లేకపోతే ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. ఇంగ్లీష్ రావాలంటే ఇంగ్లీష్‌లోనే ఆలోచించాలి అని చాలామంది చెప్తుంటారు, మొదటి ఆరు నెలలకి ఆ సలహా మంచిది కాదని నా గట్టి అభిప్రాయం. తెలుగులో చెప్పలేకపోతున్నామంటే మనకి విషయం అర్థం కాలేదని అర్థం, ఆ సంగతి వెంటనే తెలిసిపోతుంది. అదే ఇంగ్లీష్‌లో చెప్పబోతే పేపర్‌లోని వాక్యాలే నోట్లోకి వచ్చేస్తాయి, అర్థమైందన్న భ్రమ కలుగుతుంది. తెలుగులో చెప్పాక, పేపర్ తెరవకుండానే, ఇంగ్లీష్‌లో ఐదు లైన్లు రాయండి. తప్పులున్నా సరే, చిన్న చిన్న మాటలైనా సరే. అప్పుడు పేపర్ తెరిచి పోల్చుకోండి. ఎక్కడ మాట దొరక్క ఆగిపోయారో అక్కడ వాళ్లు ఏ మాట వాడారో చూసి, ఆ మాటని దాని చుట్టుపక్కల మాటలతో కలిపి నోట్ చేసుకోండి.

పదాలు నేర్చుకోవడం గురించి కూడా ఇక్కడే చెప్తాను. న్యూజిలాండ్‌లోని విక్టోరియా యూనివర్సిటీ ఆఫ్ వెల్లింగ్టన్‌లో ఏవరిల్ కాక్స్‌హెడ్ అనే భాషావేత్త 2000లో అకడమిక్ వర్డ్ లిస్ట్ అని ఒకటి తయారుచేశారు. సబ్జెక్టు ఏదైనా యూనివర్సిటీ పుస్తకాల్లో మళ్లీ మళ్లీ కనిపించే 570 పద కుటుంబాలు (ఒక పదం, దాని నుంచి పుట్టిన రూపాలు కలిపి ఒక కుటుంబం) అందులో ఉన్నాయి. ఉచితంగా దొరుకుతుంది. జీఆర్ఈ కోసం బట్టీ పట్టే అరుదైన పదాల కంటే ఇవి వంద రెట్లు ఉపయోగం. కానీ దీన్ని కూడా బట్టీ పట్టకండి, మీరు చదివే పేపర్‌లో ఈ లిస్టులోని పదం కనబడినప్పుడల్లా దాని ముందు ఏ మాట, వెనక ఏ మాట వచ్చిందో చూడండి. 'ఎవిడెన్స్' అర్థం మనందరికీ తెలుసు, అయినా 'మెనీ ఎవిడెన్సెస్' అని రాసేస్తాం, ఆ మాటని అలా బహువచనంలో వాడరు. అక్కడ లోపం అర్థంలో లేదు, వాడకంలో ఉంది.

'అట' పెట్టిన ప్రతి చోటా ఒక పేరు, ఒక సంవత్సరం

రిఫరెన్సింగ్, అంటే ఏ మాట ఎక్కడి నుంచి తెచ్చామో వ్యాసంలో చూపించడం, మనవాళ్లకి పెద్ద టెన్షన్. హార్వర్డ్ స్టైల్, ఏపీఏ, కామా ఎక్కడ, బ్రాకెట్ ఎక్కడ అని. ఆ కామాల పని జొటెరో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది, దాని గురించి ఎక్కువ ఆలోచించకండి. కష్టమైనది వేరే ఉంది: ఏ వాక్యానికి రిఫరెన్స్ ఇవ్వాలి, ఏ వాక్యానికి అక్కర్లేదు.

దీనికి మన తెలుగులోనే మంచి ఉపాయం ఉంది. 'రేట్లు పెరుగుతాయి' అంటే నేను చెప్తున్నాను. 'రేట్లు పెరుగుతాయట' అంటే ఎవరో చెప్పింది నేను మీకు చేరవేస్తున్నాను. ఆ ఒక్క 'అట'తో బాధ్యత ఎవరిదో తెలిసిపోతుంది. అట అనగానే ఇంట్లో పెద్దవాళ్లు వెంటనే అడుగుతారు కదా, ఎవరన్నారు అని. రిఫరెన్స్ అంటే ఆ ప్రశ్నకి జవాబే. అందుకని డ్రాఫ్ట్ రాసేటప్పుడు, ఎక్కడో చదివి తెచ్చుకున్న ప్రతి వాక్యం చివర తెలుగులో 'అట' అని టైప్ చేయండి, పక్కనే రచయిత ఇంటిపేరు, సంవత్సరం, పేజీ నంబర్. నేను రెండో అసైన్‌మెంట్ నుంచి ఇదే చేశాను. సబ్మిట్ చేసే ముందు డాక్యుమెంట్‌లో 'అట' అని సెర్చ్ కొట్టి, ఒక్కోదాన్నీ సరైన రిఫరెన్స్‌గా మార్చుకుంటూ వస్తే ఏదీ జారిపోదు.

ఇంకో లాభం కూడా ఉంది. ఒక పేజీలో అన్ని వాక్యాలకీ 'అట' ఉంటే ఆ పేజీలో మీరు లేరని అర్థం. నా 48 మార్కుల వ్యాసాన్ని తర్వాత ఇలా చూసుకుంటే వరసగా మూడు పేజీలు అన్నీ అటలే. ఒక్క అట లేని పేజీ కూడా ప్రమాదమే, అది సొంత కబుర్లలా ఉంటుంది. రెండు మూడు అటల తర్వాత మీ సొంత వాక్యం ఒకటి రావాలి: వీళ్లిద్దరూ ఎక్కడ కలుస్తున్నారు, ఎక్కడ విడిపోతున్నారు, మీరు రాస్తున్న సందర్భానికి ఎవరి మాట ఎందుకు సరిపోతుంది. వాళ్లు 'క్రిటికల్ అనాలిసిస్' అనేది దీన్నే. క్రిటికల్ అంటే తప్పులు పట్టడం అనుకుని, ప్రతి పేపర్‌కీ శాంపిల్ సైజు చిన్నదని రాసేసేవాళ్లు ఉన్నారు. దానివల్ల మార్కులేమీ పెరగవు.

మనకి అన్నారు, వాదించారు, తేల్చారు, సూచించారు, ఒప్పుకున్నారు, ఇన్ని క్రియలు ఉన్నట్టే ఇంగ్లీష్‌లోనూ స్టేట్స్, ఆర్గ్యూస్, ఫైండ్స్, సజెస్ట్స్, అక్నాలెడ్జెస్ ఉన్నాయి. లెక్కలు కట్టి తేల్చినవాళ్లకి ఫైండ్స్, ఒక పక్షం తీసుకుని వాదించినవాళ్లకి ఆర్గ్యూస్. అందరికీ 'సెయిడ్' అని రాస్తే మీరు పేపర్‌ని సరిగా చదివారో లేదో లెక్చరర్‌కి తెలియదు. ఇలాంటి వాక్యాల నమూనాలు మాంచెస్టర్ యూనివర్సిటీవాళ్లు అకడమిక్ ఫ్రేజ్‌బ్యాంక్ అనే పేరుతో ఆన్‌లైన్‌లో పెట్టారు. అక్కడి నమూనాల్ని మీ విషయంతో నింపుకోవచ్చు, అది కాపీ కిందకి రాదు.

కాపీ మాటెత్తాం కాబట్టి, ఒక పేరా తీసుకుని పదాలకి బదులు సమానార్థకాలు పెట్టడం, పారాఫ్రేజ్ టూల్‌లో వేసి తిప్పించడం, ఇవి కూడా అక్కడ అకడమిక్ మిస్‌కాండక్ట్ కిందే లెక్క. టర్నిటిన్‌లో (కాపీని వెతికే సాఫ్ట్‌వేర్) ఇంత శాతం దాటకపోతే సేఫ్ అని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే లెక్కల్ని నమ్మకండి. అది ఏ వాక్యం ఎక్కడ మ్యాచ్ అవుతుందో చూపిస్తుందంతే, తప్పా ఒప్పా తేల్చేది మనుషులు. ఏఐ టూల్స్ విషయంలో రూలు మాడ్యూల్‌ని బట్టి మారుతుంది, అసైన్‌మెంట్ బ్రీఫ్‌లో (ఏం చేయాలో చెప్పే కాగితం) ఏముందో చదవండి, అనుమానం ఉంటే లెక్చరర్‌ని ముందే అడగండి. రూలు ఒప్పుకున్నా సరే, మొదటి డ్రాఫ్ట్ మాత్రం మీ చేత్తోనే రాయండి, ఎందుకంటే మీకు రావాల్సిన విద్య ఆ డ్రాఫ్ట్‌లోనే ఉంది.

మన వాక్యం చివర ఉన్నది వాళ్ల పేరాలో ముందుకి రావాలి

తెలుగులో అసలు సంగతి చివర్లో వస్తుంది. 'మార్కెట్‌లో పోటీ పెరిగి, ధరలు పడిపోయి, చిన్న కంపెనీలు జీతాలు కూడా ఇవ్వలేని పరిస్థితికి రావడంతో ప్రభుత్వం సాయం చేయాల్సి వచ్చింది' అంటే మనకి హాయిగా ఉంటుంది. ఇదే వరసలో ఇంగ్లీష్ పేరా రాస్తే, చదివే లెక్చరర్‌కి ఆరో లైను దాకా మీరు ఎటు వెళ్తున్నారో తెలియదు. వాళ్లకి మొదటి వాక్యంలోనే కావాలి: ప్రభుత్వ సాయం లేకుండా చిన్న కంపెనీలు నిలబడేవి కావు. ఆ తర్వాత పోటీ, ధరలు, జీతాలు, ఒక్కోదానికీ ఆధారం. చివర్లో, అయితే ఏంటి అనే దానికి ఒక వాక్యం.

దీన్ని సరిచూసుకునే పద్ధతి ఒకటుంది. వ్యాసం పూర్తయ్యాక ప్రతి పేరాలో మొదటి వాక్యం మాత్రమే కాపీ చేసి వేరే పేజీలో పెట్టండి. ఆ వాక్యాలు వరసగా చదివితే మీ వాదన మొత్తం తెలియాలి. తెలియకపోతే పేరాలు అటూ ఇటూ మార్చాలి. నేను గ్రామర్ చూసుకోవడం కంటే ముందు ఇది చేసేవాణ్ని.

గ్రామర్ ముఖ్యం కాదని అనడం లేదు. కానీ 'ఎ', 'ది' ఎక్కడ పెట్టాలో తెలియక రాత్రంతా కూర్చోవడం దండగ, మన భాషలో ఆ రెండూ లేవు, అవి కుదురుకోవడానికి ఏళ్లు పడుతుంది, అర్థం చెడనంత వరకు చాలామంది లెక్చరర్లు వాటి గురించి పట్టించుకోరు. ఒక్కో అసైన్‌మెంట్‌కి ఒక్క రకం తప్పు తీసుకోండి. ఈసారి పొడవాటి వాక్యాలు విడగొట్టడం, వచ్చేసారి కర్తకి తగ్గ క్రియ. ఇంకో సంగతి, 'ప్రూవ్స్' అనే మాటని దాదాపు మర్చిపోండి. ఒక్క సర్వేతో ఏదీ రుజువు కాదు, సజెస్ట్స్, అపియర్స్ టు, ఈజ్ లైక్లీ టు అని రాస్తారు. మనం 'అనిపిస్తోంది', 'కావచ్చు' అన్నట్టే. అక్కడ అది పిరికితనం కాదు, నిజాయితీ.

క్లాసులో వినడం, మాట్లాడటం

మొదటి రెండు వారాలు లెక్చర్ సగమే అర్థమైతే భయపడొద్దు. మనం హైదరాబాద్‌లో ఆడియో ఫైళ్లలో విన్నది నీట్‌గా రికార్డ్ చేసిన ఇంగ్లీష్. అక్కడ యార్క్‌షైర్ యాస ఉంటుంది, న్యూకాజిల్ యాస ఉంటుంది, గ్లాస్గో యాస ఉంటుంది, క్లాసులో చైనా, నైజీరియా, గ్రీస్ వాళ్లుంటారు. స్లైడ్లు ముందే పెడతారు, అవి క్లాసుకి ముందు పదిహేను నిమిషాలు చూసుకుని వెళ్తే సగం బరువు దిగిపోతుంది. చాలా చోట్ల లెక్చర్ రికార్డింగ్ క్యాప్షన్లతో దొరుకుతుంది, కానీ మొదటిసారి క్యాప్షన్లు ఆపి వినండి, అర్థం కాని చోట టైమ్ రాసుకుని, ఆ ముక్కకి మాత్రమే ఆన్ చేయండి. మొత్తం క్యాప్షన్లతో చూస్తే అది చదవడమే అవుతుంది, చెవి అలవాటు పడదు. ఇక్కడ ఉండగా సాధన చేయాలంటే బీబీసీ రేడియో 4లో 'ఇన్ అవర్ టైమ్' అని ఒక కార్యక్రమం 1998 నుంచి వస్తోంది. మామూలుగా ముగ్గురు ప్రొఫెసర్లు ఒక విషయం మీద ముప్పావుగంట మాట్లాడుకుంటారు, ఒకరితో ఒకరు మర్యాదగా విభేదిస్తారు. పాడ్‌కాస్ట్‌గా దొరుకుతుంది. సెమినార్‌లో (చిన్న గుంపుగా కూర్చుని చర్చించే క్లాసు) మీరు వినబోయే మాట తీరు అదే.

సెమినార్‌లో మొదటిసారి నోరు తెరవడం అన్నిటికంటే కష్టం. చివర్లో మాట్లాడదాం అనుకుంటే గంట గడిచిపోతుంది, అప్పటికి మనం అనుకున్నది ఇంకెవరో అనేస్తారు. కాబట్టి ఇంట్లోనే ఒక ప్రశ్న రాసుకుని వెళ్లి, మొదటి పది నిమిషాల్లో అడిగేయండి. ఒక్కసారి గొంతు బయటికొచ్చాక రెండోసారి తేలిక. 'ఐ హావ్ ఎ డౌట్' అనొద్దు, వాళ్లకి డౌట్ అంటే నమ్మకం లేదని, 'ఐ హావ్ ఎ క్వశ్చన్' అనండి. 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2022' అంటే స్పృహ తప్పావని వింటారు, గ్రాడ్యుయేటెడ్ అనాలి. యాస మార్చుకోవాల్సిన పని అస్సలు లేదు. మార్చుకోవాల్సింది రెండే. ఒకటి వేగం, మనం తెలుగులాగే గుక్కతిప్పుకోకుండా చెప్పేస్తాం, వాక్యం అయ్యాక ఒక్క క్షణం ఆగండి. రెండోది పదంలో బరువు ఎక్కడ పడాలో. మనం అన్ని అక్షరాల్నీ సమానంగా పలుకుతాం, ఇంగ్లీష్‌లో ఒక అక్షరం మీద బరువు పడుతుంది: డెవలప్‌లో 'వె' మీద, అనాలిసిస్‌లో 'నా' మీద. మీ సబ్జెక్టులో రోజూ వాడే ముప్పై పదాలకి డిక్షనరీలో ఆడియో విని ఇది సరిచేసుకుంటే, మీరు చెప్పేది వాళ్లకి మొదటిసారే అర్థమవుతుంది.

వాళ్ల మాటల్లో మర్యాద వెనక ఉన్న అర్థం కూడా పట్టుకోవాలి. డ్రాఫ్ట్ చూసి సూపర్‌వైజర్ 'యూ మైట్ వాంట్ టు లుక్ ఎట్ దిస్ సెక్షన్ అగైన్' అంటే, వీలైతే చూడు అని కాదు, మార్చి తీరాలి అని. 'క్వైట్ గుడ్' అంటే చాలా బాగుందని కాదు, పర్వాలేదని. నేను ఆ మొదటి మాటని సలహా అనుకుని వదిలేసి మార్కులు పోగొట్టుకున్నాను.

ఈమెయిల్ సంగతి చిన్నదే. 'రెస్పెక్టెడ్ సర్', 'కైండ్లీ డు ద నీడ్‌ఫుల్' వద్దు. డియర్ డాక్టర్, ఇంటిపేరు, మీరు ఏ మాడ్యూల్, ఏం కావాలి, థ్యాంక్యూ. వాళ్లు జవాబులో కింద తమ మొదటి పేరుతో సంతకం పెడితే తర్వాత నుంచి ఆ పేరుతోనే పిలవొచ్చు. మనకి నోరు రాదు, కానీ అక్కడ అది అగౌరవం కాదు.

ఆరుగురు తెలుగువాళ్లం ఒకే ఇంట్లో ఉంటే ఇంగ్లీష్ ఎలా వస్తుందని తల్లిదండ్రులు అడుగుతారు. ఇంట్లో ఇంగ్లీష్‌లోనే మాట్లాడుకోవాలని రూలు పెట్టుకున్నవాళ్లు వారం కంటే ఎక్కువ నిలబెట్టుకున్నది నేను చూడలేదు, పెట్టుకోనక్కర్లేదు కూడా. పరాయి దేశంలో ఆ తెలుగు, ఆ పప్పుచారు మనిషిని నిలబెడతాయి. దానికి బదులు గ్రూప్ అసైన్‌మెంట్లలో మాత్రం మనవాళ్లందరూ ఒకే గ్రూపు కాకుండా చూసుకోండి. పార్ట్‌టైమ్ జాబ్ వల్ల వినికిడి, ధైర్యం బాగా పెరుగుతాయి, కానీ క్లాసులున్న రోజుల్లో వీసా ఒప్పుకునే వారానికి 20 గంటలూ షాపులోనే గడిపేస్తే వ్యాసం రాసే ఇంగ్లీష్‌కి టైమ్ మిగలదు.

మార్కులొచ్చాక చేయాల్సిన పని ఒకటుంది. ముందు స్కేలు అర్థం చేసుకోండి: 50 పాస్, 60 మెరిట్, 70 డిస్టింక్షన్. మనకి బీటెక్‌లో 85 చూసిన కళ్లకి 62 ఫెయిల్‌లా కనిపిస్తుంది, అది నిజంగా మంచి మార్కు. మార్కు చూసి ఫైల్ మూసేయకుండా, కామెంట్లలోంచి ముఖ్యమైన మూడు తీసి ఒక పేజీలో రాసుకుని, తర్వాతి అసైన్‌మెంట్ మొదలుపెట్టే ముందు ఆ పేజీ తెరవండి. అర్థం కాని కామెంట్ ఉంటే లెక్చరర్ ఆఫీస్ అవర్స్‌కి వెళ్లి అడగండి, ఆ టైమ్ స్టూడెంట్ల కోసమే పెట్టింది, ఇబ్బంది పెడుతున్నామేమో అనుకోకండి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి నా ఒక్క పేరాని ముందు పెట్టుకుని మాట్లాడారు, ఏడాది మొత్తంలో నేను ఎక్కువ నేర్చుకున్న ఇరవై నిమిషాలు అవే. కోర్సు చివర్లో రాసే పెద్ద వ్యాసం, డిసర్టేషన్‌కి, నాకు 66 వచ్చింది.

చాలా యూనివర్సిటీల్లో ఇన్‌సెషనల్ ఇంగ్లీష్ క్లాసులు (కోర్సు జరిగే రోజుల్లోనే నడిచేవి) అని ఉంటాయి, విదేశీ విద్యార్థులకి ఉచితం, వ్యాసం రాయడం, సెమినార్‌లో మాట్లాడటం, డిసర్టేషన్, అన్నిటికీ విడివిడిగా నడుపుతారు. ఇంగ్లీష్ రానివాళ్లకేమో అనుకుని మనవాళ్లు వెళ్లరు, సీట్లు మాత్రం త్వరగా నిండిపోతాయి. వెల్‌కమ్ వీక్‌లో ఐడీ కార్డు తీసుకున్న రోజే వాటికి రిజిస్టర్ చేసుకోండి.